కాలవ కింద కొత్త ఊరు

1960, ఏప్రిల్ నెలాఖరు. గుంతకల్లులో బండి మారి, రాత్రంతా కూర్చునే కునికి, తెల్లారేసరికి హోస్పేటలో దిగారు. భీమవరం దగ్గర పల్లె నుంచి వచ్చిన కుటుంబం. పేరెందుకు, ఆ పదేళ్లలో ఇలాంటి మూటలతో ఈ ప్లాట్‌ఫారం మీద దిగినవాళ్లు ఎందరో. ఇంటాయన సామాను చూసుకుంటున్నాడు. ట్రంకు పెట్టెలు, ఇత్తడి బిందెలు, విత్తనాల మూటలు, గడ్డి చుట్టిన ఆవకాయ జాడీ. ఆఖర్న ఇద్దరు కూలీలు రొప్పుతూ దింపిన రుబ్బురోలు.

"ఆ దేశంలో రాళ్లుంటాయమ్మా అంటే విన్నావు కాదు," అన్నాడు తల్లితో.

"ఎవడు చూసొచ్చాడు?"

"నేను చూసొచ్చాను కదే!"

"నువ్వు పొలం చూసొచ్చావు. రోలు చూసొచ్చావా?"

కోడలు నవ్వు దాచుకోడానికి చంటిదాని తల సర్దింది.

లారీ ఎక్కండి. తుంగభద్ర దాటుతుంటే ఎడమ పక్క ఆనకట్ట కనిపిస్తుంది. మైలున్నర పొడవు గోడ, ముప్పై మూడు గేట్లు. 1945లో అటు హైదరాబాదు సంస్థానం, ఇటు మద్రాసు ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన పని. 1953లో నీళ్లు వదిలేనాటికి సంస్థానం లేదు. ఆ ఏడే బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, 1956లో రాయచూరు కూడా కలిసింది. ఇద్దరు కట్టిన ఆనకట్టకి రెండొడ్లూ మూడోవాడివయ్యాయి. అవతలి గట్టున మునీరాబాదు దగ్గర ఎడమ కాలవ మొదలవుతుంది. పూర్తిగా తవ్వితే 141 మైళ్లు. ఇప్పుడు వేసవి కనక అడుగున పాచి ఎండి పెచ్చులు లేచి ఉంది. ఇంటాయన లారీలోంచి మెడ సాచి కాలవనే చూస్తున్నాడు. నీళ్లు లేని కాలవని అంత ప్రేమగా చూసేవాడు గోదావరి జిల్లావాడే అయ్యుంటాడు.

గంగావతి దారి పట్టాక ముసలావిడ నోరు పడిపోయింది. ఎటు చూసినా రాళ్లే. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడేట్టు, కొండలకి కొండలు. కొడుకు ఆవిడ వైపు చూడకుండా పెద్దమనిషి తరహాగా ఊరుకున్నాడు. డ్రైవరే అందుకుని, అదుగో అది అంజనాద్రి, హనుమంతుడు పుట్టిన కొండ, ఇదంతా కిష్కింధ అని చెప్పాడు. ఆవిడ లెంపలు వేసుకుంది.

"అయితే రాముడూ ఇక్కడిదాకా వచ్చినవాడే," అంది. "ఏం, మనకేం నామోషీ?"

నామోషీ అన్న మాట ఊరికే రాలేదు. ఊరొదిలి పోతున్నారని అక్కడ వెనక అనుకున్నవాళ్లున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కింద వందేళ్లుగా రెండు పంటలు పండే భూమి. తాత నాటి పొలం అన్నదమ్ములు పంచుకోగా ఈయన వాటాకి రెండెకరాలు వచ్చింది. ఇంకో తరానికి గట్లే మిగులుతాయి. అక్కడ ఆ రెండూ అమ్మితే ఇక్కడ పదిహేనెకరాలొచ్చింది. అమ్మిన రైతుకీ కారణం ఉంది. వానకి జొన్న, పత్తి వేసుకునే నేల. కాలవ వచ్చింది సరే, పొలాన్ని చదును చేసి మళ్లు కట్టాలంటే చేతిలో డబ్బుండాలి, నీళ్ల కింద చేసిన అలవాటుండాలి. కొంత అమ్ముకుని మిగతాది నిలబెట్టుకున్నాడాయన.

లారీ ఆగింది. ఇదే మీ ఊరు. ఊరంటే పొలం మధ్య మెరక మీద పది పాకలు. జనం దీన్ని క్యాంపు అంటారు. నేల నల్లగా నెర్రెలిచ్చి ఉంది. పిల్లాడు ఓ నెర్రెలో పుల్ల దూర్చాడు, మోచెయ్యి దాకా పోయింది. "చెయ్యి తియ్యరా, తేళ్లుంటాయ్!" అని నాయనమ్మ అరిచింది.

మరునాడు తెల్లవారుజామునే పని మొదలు. ఈ నేల చూపుకి చదునుగానే ఉంటుంది. నీళ్లు పెడితే తెలుస్తుంది దాని వాలు. ఎత్తున్న చోట పారతో తవ్వి, ఎడ్లకు కట్టిన పలకతో మట్టి లాగి, పల్లంలో పొయ్యాలి. చుట్టూ గట్టు పెట్టాలి. రేగడి గడ్డ ఎండితే పార అంచు తిరిగిపోతుంది, మే నెలలో పడ్డ వానకి తడిస్తే అదే మట్టి కాలికి పట్టుకుని వదలదు. నాలుగడుగులకోసారి పారతో పాదం గీక్కోవాలి. బండి చక్రం ఆకులు కనపడకుండా మూసుకుపోతుంది. వేసిన మట్టిగోడ మొదటి వానకి ఉబ్బి, మళ్లీ ఎండకి నిలువునా పగిలింది. ఇంటావిడ ఆ పగులుని పేడతో మెత్తింది. వారానికి పక్కన ఇంకోటి.

పదిహేనెకరాలు ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని కాదు. ఊళ్లో వీళ్లకి పనిచేసిన రెండు కుటుంబాలు వెనకే వచ్చాయి. గట్లలో సగం వాళ్ల చేతులతో లేచినవే. వాళ్ల పాకలు క్యాంపుకి ఆ కొసన. కాలవ వేరు, భాష వేరు, రాష్ట్రమే వేరు, ఆ దూరం మాత్రం కొలిచి తెచ్చినట్టు భీమవరంలో ఎంతో ఇక్కడా అంతే.

మంచినీళ్లకి పాత ఊరి బావే గతి. మైలు పైన నడక. ఇంటావిడ మొదటి రోజు బిందెతో వెళ్లి గట్టు దగ్గర నిలబడిపోయింది. తోడొచ్చా లేదా అని ఎవరినడగాలి, ఏ భాషలో అడగాలి? ఇలకల్ చీర కట్టుకున్న పెద్దావిడ ఆమెని ఎగాదిగా చూసి, "బర్రి, బర్రి," అని చేద చేతికిచ్చింది. నాలుగో రోజుకి ఆ పెద్దావిడే పాక వెతుక్కుంటూ వచ్చింది. కొంగులో ఆకుకూర. ఇంటావిడ కట్ట విప్పి వాసన చూసి, "అత్తయ్యా, గోంగూరండీ!" అని కేకేసింది.

వాళ్లు దాన్ని వేరేగా వండుతారు. జొన్న నూక వేసి, పచ్చిమిర్చి దంచి వేసి, పప్పుగుత్తితో మెదిపి, పైన వెల్లుల్లి తాలింపు. జొన్నరొట్టె మీద పెట్టుకుని తినాలి. పెద్దావిడ పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె ఎలా తట్టాలో చూపించింది. పిండిలో మరిగే నీళ్లు పోసి, అరచేతి మడమతో బాగా మర్దించి, పీట మీద చప్పుడయ్యేలా తడుతూ తిప్పింది. రొట్టె పెద్ద పళ్లెమంత అయింది. పెనం మీద వేసి పైన తడిచెయ్యి రాసింది. ఇంటావిడ చేసిన మొదటి రొట్టె మూడు ముక్కలైంది. ముసలావిడ ఓ ముక్క ఆవకాయతో తిని, "దీని పులుపు దానికి చాలదు," అంటూనే ఇంకో ముక్క తీసుకుంది.

జులైలో నీళ్లొచ్చాయి. ముందు పిల్లల అరుపులు వినపడ్డాయి, తరవాత నురుగు, ఎండు తుమ్మకొమ్మలు, దాని వెనక ఎర్రటి నీళ్లు. ఇంటాయన తూము దగ్గర చెప్పులు విడిచి దిగాడు. దమ్ముకి దింపిన ఎడ్లు ఒకచోట కడుపు దాకా కూరుకుపోయాయి. వాటిని పైకి లాగడానికి క్యాంపంతా వచ్చింది, పాత ఊరి నుంచి తాళ్లు పట్టుకుని నలుగురొచ్చారు. ఊడ్పుల నాడు గట్ల మీద తిరనాళ్లే. కూలీ ఆడవాళ్లు నడుం వంచి, వెనక్కి అడుగేస్తూ, పాటందుకుని ఆకు నాటుతుంటే, విత్తనం గొర్రుతో జొన్న వేసుకునే ఊళ్లవాళ్లు కళ్లప్పగించి చూశారు. రెండేళ్లకి ఆ ఊరి ఆడవాళ్లే ఈ మళ్లలో అదే పని చేస్తారు.

ఇక్కడిదాకా ఈ కథ ఏ క్యాంపులో అడిగినా ఇంచుమించు ఇలాగే చెబుతారు. తరవాతి రాత్రిని మాత్రం తక్కువమంది చెబుతారు.

అక్టోబరు. వరి పొట్ట మీదుంది. మడిలో నీళ్లు తగ్గితే కంకి తాలు పోతుంది. పాక ముందు లాంతరు వెలుగు ఆగింది. ముగ్గురు మనుషులు, భుజాన గొంగళ్లు, చేతుల్లో కర్రలు. కాలవ చివరి ఊళ్ల నుంచి గట్టు పట్టుకుని నడుస్తూ, తెరిచి ఉన్న ప్రతి తూమూ చూసుకుంటూ వచ్చారు.

"నీరు బిడ్రి, యజమానరే," అన్నాడు పెద్దాయన. తెలుగూ వచ్చు ఆయనకి. "మా జొన్న ఎండుతోంది. మాకు రావాల్సిన నీళ్లు నీ మళ్లో నిలబడున్నాయి."

ఇంటాయన దగ్గర జవాబు లేదు. ఈ కాలవని వరి కోసం తవ్వలేదు. ఎక్కువ ఊళ్లకి తలా కొంచెం తడి అందాలని, జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పైర్ల లెక్కన తవ్వారు. వరికి అనుమతి కొద్దిమేరకే. పైనున్న క్యాంపులన్నీ గట్లు పెట్టి మడి నింపుకుంటే కింద కాలవలో బురద మిగులుతుంది. గోదావరి డెల్టాలో పుట్టినవాడికి మడిలో నీళ్లు నిలవడం అంటే సేద్యం. కింది ఊరివాడికి అదే దొంగతనం.

"ఇరవై రోజులు. పొట్ట దాటితే చాలు," అన్నాడు ఇంటాయన.

"మాకు నాలుగు రోజులు చాలు. అవి ఇప్పుడే కావాలి."

"నా ఒక్కడి తూము మూస్తే మీ దాకా వస్తాయా?"

"అందరినీ అడుగుతున్నాం. ఒకడు మూస్తే రెండోవాడిని అడగడానికి మొహముంటుంది. లేదంటే పొద్దున్నే ఓవర్సీరు దగ్గరికి పోతాం. నీ వరికి కాగితం ఉందా?"

లేదు. సగానికి లేదు. గొంతులు పెరిగాయి. పక్క పాకల్లోంచి మనుషులొచ్చారు, ఎవడో పార కూడా తెచ్చాడు. ముసలావిడ చాప మీద లేచి కూర్చుంది.

"అబ్బాయ్, కలవపూడి లాకుల దగ్గర మీ నాన్న చేసిన రభస మర్చిపోయావా? అప్పుడు మనం కిందున్నాం."

ఆ రాత్రి నాలుగు తూములు మూశారు. ఎనిమిది మూయలేదు. ముగ్గురూ అరుగు మీద కూర్చుని మూటలోంచి రొట్టెలు తీసుకున్నారు. ఇంటావిడ పోసిన మజ్జిగ తాగారు, అన్నం మాత్రం ముట్టలేదు. వెళ్లేముందు పెద్దాయన ఇంటి పేరేంటని అడిగి రెండుసార్లు పలికి చూసుకున్నాడు. జ్ఞాపకం పెట్టుకోడానికే, మంచికో చెడ్డకో తరవాత తేలుతుంది. ఆ ఏడు అటు జొన్న సగం, ఇటు వరి ముప్పాతిక పండాయి.

పాక వేసుకుంటే, పంట ఇంటికొస్తే, పిల్లకి పెళ్లి చేస్తే స్థిరపడ్డారంటారు. నన్నడిగితే వీళ్లు ఆ ఊరివాళ్లయింది ఆ రాత్రే. అప్పటిదాకా డబ్బిచ్చి కొనుక్కున్న నేల మీద ఉన్నారు. ఆ రాత్రి నుంచి ఆ నీళ్ల తగాదాలో వీళ్లకో చోటుంది, జవాబు చెప్పాల్సిన బాధ్యతుంది.

మిగతా ఏళ్లు గబగబా నడిచాయి. క్యాంపులో రామాలయం లేచింది. పిల్లాడు కన్నడ బడిలో చేరాడు. అక్షరాలు ఒకే పోలిక కావడంతో నెలలో చదివేశాడు, లెక్కలే రాలేదు, అవి తెలుగులోనూ రాలేదు. 1973లో మైసూరు రాష్ట్రం కర్ణాటక అయింది. గంగావతి, కారటగి రైసు మిల్లుల పట్టణాలయ్యాయి, ఇక్కడి సోనామసూరి దూరాలకి పోతోంది. సంక్రాంతికి క్యాంపు వీధుల్లో ముగ్గులుంటాయి. మొదట్లో కోడళ్లు భీమవరం నుంచి వచ్చేవారు, తరవాత సింధనూరు క్యాంపుల నుంచి, ఇప్పుడు బెంగళూరు ఆఫీసుల నుంచి కూడా. మొదట 133 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక చేరి 105కి దిగింది. నీళ్లు తగ్గాయి, అడిగేవాళ్లు తగ్గలేదు.

ఇప్పుడు 2024 ఆగస్టు 11, ఆదివారం పొద్దున. క్యాంపులో డాబా ఇళ్ల ముందు ప్రతివాడి చేతిలో ఫోను. రాత్రి ఆనకట్ట పందొమ్మిదో గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. కిందటేడు కరువు. ఈ ఏడు నిండిన జలాశయం కళ్లెదుటే ఖాళీ అవుతోంది. గోడ మీద బరువు తగ్గించడానికి మిగతా గేట్లూ ఎత్తేశారు. ఊడ్పులు అప్పుడే అయ్యాయి. పైవాడికీ కిందివాడికీ ఒకటే భయం. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు మార్గదర్శకత్వంలో పారే నీళ్లలోనే ఒకదాని మీద ఒకటి ఉక్కు పలకలు దించారు. 17వ తేదీకల్లా ఆ ఖాళీ మూసుకుంది. మిగిలిన నీళ్లతో ఖరీఫ్ గట్టెక్కుతుందన్నారు.

వారం తిరక్కముందే అప్పటి ఇంటాయన మనవడికి కాలవ చివరి నుంచి ఫోనొచ్చింది. చేసింది, లాంతరు పట్టుకుని వచ్చిన పెద్దాయన వంశంవాడు అయినా కావచ్చు, కాకపోనూవచ్చు. ఆ ఊళ్లో అందరూ అదే మాట అంటారు కదా.

"ఈసారి ముందు మాకు వదలాలి."

"పోయినసారి వదిలాం కదయ్యా!" మనవడు కన్నడంలోనే అరిచాడు.

"వదిలారు. మా చేను ఎండాక."

"నీళ్లే లేవు కదా అప్పుడు. నేను దాచుకున్నానా?"

"నీ మళ్లో చూసినవాళ్లున్నారు."

"రేపు రండి, మీరే చూసుకోండి. పొద్దున్నే రండి, టిఫిను ఇక్కడే."

"వస్తాం. పదిమందిమి వస్తాం."

ఫోను పెట్టేసి మనవడు భార్యతో పదిమందికి ఇడ్లీ పిండి సరిపోతుందా అని అడిగాడు. సరిపోదని చెప్పి, ఇంకో రెండు సోలల పప్పు నానబోసి, "రేపైనా గట్టిగా మాట్లాడండి, పోయినేడులా తలూపి రాకండి," అందావిడ.