చింబొరాజో పర్వతము: మూడు యాత్రలు, మూడు ప్రశ్నలు

భూగోళమున మిక్కిలి ఎత్తైన శిఖరమేది అని ఉపాధ్యాయుడు అడిగినచో, తరగతిలోని విద్యార్థులందరును ఎవరెస్టు అని ఒక్క గొంతుతో చెప్పుదురు. ఆ సమాధానము సరియైనదే. కాని భూకేంద్రము నుండి మిక్కిలి దూరమున నున్న శిఖరమేది అని ప్రశ్నను కొంచెము మార్చినచో సమాధానము కూడ మారిపోవును. ఆ స్థానము దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశమున నున్న చింబొరాజో పర్వతమునకు చెందును. సముద్రమట్టము నుండి దీని ఎత్తు సుమారు 6,263 మీటర్లు మాత్రమే. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లకు పైబడినది. అయినను భూకేంద్రము నుండి కొలిచినచో చింబొరాజో కొన ఎవరెస్టు కొనకన్న సుమారు 2 కిలోమీటర్లు అధిక దూరమున నున్నది.

దీనికి కారణము భూమి ఆకారము. భూమి సంపూర్ణమైన గోళము కాదు. భూమధ్యరేఖ యొద్ద దాని వ్యాసార్ధము సుమారు 6,378 కిలోమీటర్లు, ధ్రువముల యొద్ద సుమారు 6,357 కిలోమీటర్లు. చింబొరాజో భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల దక్షిణమున, అనగా భూమి ఉబ్బిన చోటనే నిలిచియున్నది. ఎవరెస్టు 28 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. అక్కడి సముద్రమట్టమే భూమధ్యరేఖ యొద్ద నున్న మట్టముకన్న భూకేంద్రమునకు 4 కిలోమీటర్లకు పైగా చేరువలో నుండును.

నేడు పాఠ్యపుస్తకమున నాలుగు వాక్యములలో ముగియు ఈ సంగతిని తెలిసికొనుటకు మనుష్యులు సముద్రములు దాటి, సంవత్సరముల తరబడి ఆండీస్ పర్వతములలో తిరుగవలసి వచ్చెను. చింబొరాజో చెంతకు అట్లు వచ్చిన వారిలో ముఖ్యముగా మూడు బృందములను చెప్పుకొనవలెను. 1738లో వచ్చినవారు పర్వతము యొక్క ఆకర్షణను కొలువగోరిరి. 1802లో వచ్చినవారు ఎత్తును బట్టి ప్రకృతి ఎట్లు మారునో చూడగోరిరి. 1880లో వచ్చినవారు పలుచని గాలిలో మనుష్యుడు నిలువగలడా అని పరీక్షింపగోరిరి.

పర్వతము గుండును లాగునా?

18వ శతాబ్దపు ఆరంభమున భూమి ఆకారమును గూర్చి యూరపు శాస్త్రజ్ఞులలో తీవ్రమైన వివాదము నడచుచుండెను. తన చుట్టు తాను తిరుగుచున్న భూమి నడుమ ఉబ్బి, ధ్రువముల యొద్ద అణగియుండవలెనని న్యూటన్ చెప్పెను. ఫ్రాన్సులో జరిగిన కొలతలను ఆధారముగా గొని కసీనీ వంశపు ఖగోళజ్ఞులు భూమి ధ్రువముల వైపు సాగియున్నదని వాదించిరి. ఒకరి భూమి బత్తాయి పండు వంటిది, మరియొకరి భూమి కోడిగ్రుడ్డు వంటిది.

ఈ తగవును తీర్చుటకు మార్గము కొలతయే. భూమి ధ్రువముల యొద్ద అణగియున్నచో, ఉత్తర దక్షిణములుగా ఒక డిగ్రీ దూరము భూమధ్యరేఖ యొద్దకన్న ధ్రువముల యొద్ద ఎక్కువగా నుండవలెను. ఫ్రాన్సు విజ్ఞాన అకాడమీ ఒక బృందమును ఉత్తరమున లాప్లాండుకును, మరియొక బృందమును భూమధ్యరేఖ చెంతనున్న కీటో ప్రాంతమునకును పంపెను. గోడిన్, బూగేర్, లా కొండమీన్ అను శాస్త్రజ్ఞులు 1735లో ఓడనెక్కి 1736లో కీటో చేరిరి. ఉత్తరమునకు పోయినవారు 1737 నాటికే తిరిగివచ్చి న్యూటన్ మాటయే నిజమని తేల్చిరి. దక్షిణమునకు పోయినవారు మాత్రము చలిలో, గాలిలో కొండల నడుమ త్రికోణములు కొలుచుచు మరికొన్ని సంవత్సరములు గడిపిరి. చివరకు వారి కొలతయు న్యూటన్ పక్షమునే నిలిచెను.

ఈ పని నడుమనే బూగేర్‌కు మరియొక ఆలోచన కలిగెను. తాపీపనివారు గోడ నిలువు చూచుటకు దారమునకు గుండు కట్టి వ్రేలాడదీయుదురు. ఆ గుండు భూకేంద్రము వైపు చూపును. కాని ప్రతి వస్తువును ఇతర వస్తువులను ఆకర్షించునన్న న్యూటన్ సూత్రము నిజమైనచో, మహాపర్వతము ప్రక్కన ఆ గుండు పర్వతము వైపు రవంత ఒరుగవలెను. ఆ ఒరుగుదలను నక్షత్రముల సాయముతో కొలువవచ్చును. 1738 డిసెంబరులో బూగేర్, లా కొండమీన్ ఇద్దరును చింబొరాజో వాలు మీద, మంచుగాలిలో, కోణమాపకమును నిలిపి నక్షత్రములను చూచిరి. పిమ్మట పర్వతమునకు దూరముగా నున్న చోట మరల చూచిరి.

పర్వతపు పరిమాణమును బట్టి ఒరుగుదల 103 సెకండ్లు ఉండునని బూగేర్ గణించెను. ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక సెకండు. కాని కొలతలో తేలినది 7 లేక 8 సెకండ్లు మాత్రమే. వాతావరణపు ఇబ్బంది వలన అతని కొలత అంత నమ్మదగినది కాదు. ఆ సంగతిని అతడే గ్రహించి, ఈ పరీక్షను యూరపులో అనుకూలమైన కొండ వద్ద మరల చేయవలెనని కోరెను. 1774లో మాస్కెలిన్ స్కాట్లండులోని షిహాలియన్ కొండ వద్ద ఈ పరీక్షను జరిపెను. గుండు ఒరిగెను. ఆ ఒరుగుదలను బట్టి భూమి సగటు సాంద్రత నీటికి సుమారు నాలుగున్నర రెట్లని లెక్కగట్టిరి. నేటి విలువ ఐదున్నర రెట్లు.

బూగేర్‌కు కలిగిన చిక్కే నూరేండ్ల తరువాత మన దేశమున మరియొక రూపమున ఎదురయ్యెను. దక్షిణము నుండి గుత్తి, హైదరాబాదు ప్రాంతముల మీదుగా ఉత్తరమునకు సాగిన మహా త్రికోణ సర్వేలో, హిమాలయములకు చేరువనున్న కలియానాకును మధ్యభారతములోని కలియాన్‌పూర్‌కును నడుమ నేలకొలతకు, నక్షత్రములకొలతకు 5 సెకండ్లకు పైగా తేడా వచ్చెను. హిమాలయముల ఆకర్షణ వలన దాదాపు 16 సెకండ్ల తేడా రావలెనని 1855లో ప్రాట్ గణించి చూపెను. పర్వతములు తమ పరిమాణమునకు తగినంతగా ఏల లాగకున్నవి? నీటిపై తేలు దుంగ పైకి కనిపించుదానికన్న లోతుగా మునిగియున్నట్లే, పర్వతముల క్రింద తేలికయైన శిలలు లోతునకు దిగియున్నవని ఆ సంవత్సరమే ఎయిరీ సమాధానము చెప్పెను. నేటి భూభౌతికశాస్త్రమునకు అది ఒక పునాది.

హంబోల్టు చూచిన చిత్రము

అలెగ్జాండర్ ఫన్ హంబోల్టు 1769లో బెర్లిన్‌లో జన్మించెను. కొంతకాలము గనుల అధికారిగా పనిచేసెను. తల్లి మరణానంతరము వచ్చిన ఆస్తిని యాత్రలకు వెచ్చింప నిశ్చయించి, 1799 జూన్ 5న ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడగు బోన్‌ప్లాండుతో స్పెయిన్ తీరము విడిచెను. ఓరినోకో నదీతీరపు అడవులు చూచి, ఆండీస్ దారిని నడచి 1802లో కీటో చేరెను. ఆనాటికి హిమాలయముల ఎత్తు లోకమునకు తెలియదు. చింబొరాజోయే ప్రపంచమున కెల్ల ఎత్తైన పర్వతమని అందరును నమ్మియుండిరి.

1802 జూన్ 23న హంబోల్టు, బోన్‌ప్లాండు, కీటో వాసియైన యువకుడు కార్లోస్ మోంటూఫర్ పర్వతమెక్కసాగిరి. మంచు మొదలైన చోట కూలీలలో ఒక్కడు తప్ప అందరును వెనుదిరిగిరి. త్రోవ ఒక సన్నని రాతి గట్టు. కొన్ని తావులలో అది జానెడు వెడల్పు మాత్రమే. ఇరువైపుల లోయలు. పొగమంచు క్రమ్మియుండెను. వారికి తల తిరిగెను, వాంతి వచ్చునట్లయ్యెను. పెదవుల నుండి, చిగుళ్ల నుండి రక్తము కారెను. కన్నులు ఎఱ్ఱబారెను. ఇంత బాధలోను హంబోల్టు నిలిచి నిలిచి పాదరసపు వాయుభారమాపకమును తెరచి చూచుచుండెను.

ఆ పరికరము ఎత్తును చెప్పు విధము సులభమైనది. సముద్రతీరమున గాలి భారము సుమారు 760 మిల్లీమీటర్ల ఎత్తు పాదరసమును గాజుగొట్టములో నిలుపును. పైకి పోయిన కొలది మీదనున్న గాలి తగ్గును గనుక పాదరసమును దిగును. వారు చేరిన చివరి చోట అది నేటి కొలత ప్రకారము సుమారు 377 మిల్లీమీటర్ల యొద్ద నిలిచెను. అనగా గాలిలో సగము వారి కాళ్ల క్రిందనే ఉండిపోయెను. హంబోల్టు లెక్క ప్రకారము ఆ చోటు సుమారు 5,878 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడ దాటరాని పెద్ద మంచు పగులు అడ్డుపడెను. శిఖరము ఇంకను 400 మీటర్ల దూరము పైననుండగా వారు దిగివచ్చిరి.

శిఖరము చేరలేదు గాని యాత్ర వ్యర్థము కాలేదు. క్రింద అరటి, తాటిజాతి చెట్లు, వాని మీద ఓక్ వంటి చెట్లు, తరువాత పొదలు, ఆపై గడ్డి, చివర రాళ్లకంటుకొనిన శైవలములు, పిమ్మట మంచు. భూమధ్యరేఖ నుండి ధ్రువము వరకు వేలకొలది మైళ్లు నడచినచో కనబడు మార్పులన్నియు ఒక్క పర్వతము మీదనే వరుసగా కనబడినవి. హంబోల్టు చింబొరాజోను నిలువునా కోసినట్లు ఒక చిత్రము గీయించి, ఏ ఎత్తున ఏ మొక్క పెరుగునో దానిలో వ్రాసెను. ఇరుప్రక్కల ఆయా ఎత్తులకు సరిపోవు వాయుభారము, ఉష్ణోగ్రత, నీరు మరుగు ఉష్ణోగ్రత మొదలగువానిని వరుసలుగా చేర్చెను. 1807లో అచ్చైన ఆ చిత్రము వృక్షభూగోళశాస్త్రమునకు నాంది. 1817లో అతడే సమానోష్ణోగ్రత గల ప్రదేశములను కలుపు రేఖలను ప్రవేశపెట్టెను. నేడు విద్యార్థులు పటములలో చూచు సమోష్ణరేఖలు అవియే.

పలుచని గాలిలో మనుష్యుడు

హంబోల్టు బాధకు కారణమేమి? గాలిలో ఆమ్లజని పాలు ఎత్తున కూడ నూటికి 21 వంతులే. కాని గాలి మొత్తము పీడనము సగమైనచో ఆమ్లజని పీడనమును సగమగును. సముద్రతీరమున అది సుమారు 160 మిల్లీమీటర్లు, హంబోల్టు నిలిచిన చోట 80కి లోపు. కావలసినంత ఆమ్లజని ఊపిరితిత్తుల నుండి రక్తములోనికి చేరదు. ఈ సంగతిని 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ తన ప్రయోగములన్నిటిని కూర్చి స్పష్టముగా నిరూపించెను. పీడనము తగ్గించిన గదిలో తానే కూర్చుండి, బాధ కలిగినప్పుడు ఆమ్లజనిని పీల్చి, వెంటనే ఉపశమనము పొందెను.

మరుసటి సంవత్సరమే ఆంగ్లేయుడగు ఎడ్వర్డ్ వింపర్ ఈక్వడార్ చేరెను. వృత్తిచే ఇతడు చెక్కపై బొమ్మలు చెక్కువాడు. 1865లో ఆల్ప్స్ పర్వతములలోని మాటర్‌హార్న్ శిఖరమును మొదట ఎక్కిన ఏడుగురిలో ఒకడు. దిగునప్పుడు వారిలో నలుగురు పడి మరణించిరి. ఎత్తున మనుష్యుని శరీరమెట్లుండునో తెలిసికొనుటయే అతని ఈక్వడార్ యాత్రకు ముఖ్యోద్దేశము. ఇటలీకి చెందిన ఝాన్ ఆంత్వాన్ కరెల్, లూయీ కరెల్ అను పర్వతమార్గదర్శకులను తోడు తెచ్చుకొనెను.

సుమారు 5,080 మీటర్ల ఎత్తున గుడారము వేసిన కొద్దిసేపటికే ముగ్గురును పడకబట్టిరి. జ్వరము, తలనొప్పి, నోరు తెరచి రొప్పుట, తిండి సహింపమి. విచిత్రమేమనగా, వారివలె బలిష్ఠుడు కాని సహాయకుడొకనికి మాత్రము పెద్ద బాధ కలుగలేదు. కండబలము వేరు, ఎత్తును ఓర్చుకొను శక్తి వేరు. కొన్ని దినములు అక్కడనే నిలిచిన పిమ్మట బాధ క్రమముగా తగ్గెను. 1880 జనవరి 4న ముగ్గురును మెత్తని మంచులో కూరుకొనిపోవుచు, దారి త్రొక్కుకొనుచు సాయంకాలము నాలుగు గంటల వేళకు శిఖరము చేరిరి. లూయీ కరెల్ పాదములు చలికి దెబ్బతినెను.

వారు నిజముగా శిఖరమెక్కిరా యని కొందరు సందేహించిరి. వింపర్ వాదమునకు దిగక, జూలై 3న ఈక్వడార్ వాసులిద్దరిని కూడ సాక్షులుగా గొని మరల ఎక్కెను. ఆనాడు ఉదయము సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న కోటోపాక్సి అగ్నిపర్వతము నుండి నల్లని బూడిద స్తంభము లేచుట వారికి కనబడెను. వారు శిఖరమున నుండగానే ఆ బూడిద వచ్చి మంచు మీద రాలెను. వింపర్ దానిని కూడ సేకరించెను.

దినములు గడిచిన కొలది బాధ ఏల తగ్గెను? మొదట ఊపిరి వేగము పెరుగును. పిమ్మట వారముల మీద రక్తములోని ఎఱ్ఱకణములు పెరుగును. ఈ రెండవ సంగతిని 1890లో ఫ్రెంచి వైద్యుడు వియో పెరూ పర్వతములలో రక్తమును పరీక్షించి కనుగొనెను. నేటికిని ఎత్తైన పర్వతములెక్కువారు నడుమ నడుమ ఆగి, శరీరమును అలవాటు చేసికొనుట ఈ కారణముననే.

పర్వతము మారుచున్నది

హంబోల్టు చిత్రము రెండు వందల సంవత్సరముల తరువాత మరల పనికివచ్చెను. భూమి వేడెక్కుచున్న కారణమున మొక్కలు చల్లని చోటు వెదకికొనుచు పైకి జరుగవలెను గదా! 2012లో శాస్త్రజ్ఞులు చింబొరాజో నెక్కి మొక్కల ఎత్తులను కొలిచి, అవి 500 మీటర్లకు పైగా పైకి జరిగినవని 2015లో ప్రకటించిరి. కాని 2019లో మరికొందరు హంబోల్టు చేతివ్రాతలను, ఎండిన మొక్కల నమూనాలను పరిశీలించి ఒక చిక్కును బయటపెట్టిరి. చిత్రములో చింబొరాజో మీద వ్రాసిన ఎత్తైన మొక్కలలో పెక్కింటిని హంబోల్టు నిజముగా సేకరించినది ఆంటిసానా అను మరియొక పర్వతము మీద. ఆంటిసానాపై తిరిగి కొలువగా, మొక్కలు జరిగిన దూరము 215 నుండి 266 మీటర్లని తేలెను. మొక్కలు పైకి పోవుచున్నవనుట నిజమే. మొదట చెప్పిన దూరము మాత్రము నిజము కాదు.

చింబొరాజో మంచుకును ఈ మార్పు తప్పలేదు. పూర్వము ఆ ప్రాంతపు పల్లెవాసులు మంచుగడ్డలను కోసి, గడ్డిలో చుట్టి, గాడిదలపై రియోబాంబా అంగడికి తెచ్చి అమ్ముకొనుచుండిరి. ఇప్పుడా హిమానీనదములు కుంచించుకొనిపోవుచున్నవి.

బూగేర్ తన కొలత బలహీనతను దాచక చెప్పెను గనుకనే షిహాలియన్ పరీక్ష జరిగెను. వింపర్ సందేహమునకు కోపగింపక సాక్షులతో మరల ఎక్కెను. హంబోల్టు తన నమూనాలను, వ్రాతలను భద్రపరచెను గనుకనే అతని చిత్రములోని లోపము రెండు శతాబ్దముల తరువాతనైనను పట్టుబడెను. ప్రయోగశాలలో విద్యార్థి తన పుస్తకమున ఒక అంకెను వ్రాయునప్పుడు, అది ఏ చోట, ఏ దినమున, ఏ పరికరముతో వచ్చినదో ప్రక్కన తప్పక వ్రాయవలెనని ఉపాధ్యాయులు పట్టుబట్టుట ఇందులకే.