వీరాస్వామయ్యగారి దినచర్య – మన డైరీలు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి కావాలని కార్యదర్శిగారు అడగగానే నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తుకొచ్చారు. ఆయనా మనలాంటి ఉద్యోగే. చెన్నపట్నం సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు.

1830 మే 18న పరివారంతో కాశీయాత్రకు బయలుదేరారు. హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకొని, మన కోస్తా వెంబడి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. చెన్నపట్నంలో మొదటి రైలు నడిచింది 1856లో. కనుక ఇదంతా పల్లకీలు, బోయీలు, డేరాలతో పదిహేను నెలలు దాటిన ప్రయాణం.

దారి పొడుగునా ఆయన దినచర్య రాశారు. రాసింది తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపడానికి. ఆ రాతలు నిలవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. తనకోసం రాసుకొనేవాడు "ఇది నాకు తెలిసిందేగదా" అని సగం మింగేస్తాడు. ఆ దారి ఎరుగని మిత్రుడికి రాసేవాడు అన్నీ విప్పి చెప్పక తప్పదు. ఏ తేదీన ఏ ఊరు చేరినదీ, మధ్య ఎంత దూరమో, దారి ఎలాంటిదో, మంచినీళ్ళున్నాయో లేవో, అంగళ్ళలో సామాను దొరుకుతుందో లేదో, దిగడానికి వసతి ఉందో లేదో మజిలీ మజిలీకీ రాశారు. వేదాంత విచారం కూడా దండిగానే ఉంది. నేను మాత్రం అంగళ్ళ దగ్గరే ఎక్కువసేపు ఆగాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

1836లో ఆయన కాలం చేశారు. పిళ్ళగారు 1838లో "కాశీయాత్ర చరిత్ర" పేరుతో అచ్చు వేయించారు. రైళ్ళు వచ్చాక యాత్రికులకు ఆ మజిలీలతో పనిలేకపోయింది. చరిత్రకారులకు పని పడింది. బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో దానిని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. కంపెనీ రోజుల్లో నైజాము రాజ్యంలోనూ, ఉత్తర సర్కారుల్లోనూ బాటలు, బజార్లు, జనం బతుకు ఎలా ఉండేవో తెలుసుకొనేవారికి ఈనాటికీ అది పనికివస్తున్నది.

మన ఇళ్ళలోనూ డైరీలకు కొదవలేదు. ఏటా ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. సంక్రాంతి దాకా శ్రద్ధగా రాస్తాం, ఆపైన పాలవాడి లెక్కలకు అప్పగిస్తాం. కాని నాతో పనిచేసిన మిత్రుడొకరు అలా కాదు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఒకే లావుపాటి నోటుబుక్కు. బదిలీ, ఇంక్రిమెంటు, సెలవు ఏది వచ్చినా ఉత్తర్వు నెంబరు, తేదీ, ఏ ఆఫీసు నుంచి వచ్చిందీ పూర్తిగా రాసేవారు. "నిన్నటి ఆర్డరు", "మన దొరగారు" వంటి మాటలు వాడేవారు కాదు. సంవత్సరం నాలుగంకెలూ వేసేవారు. మేమంతా నవ్వేవాళ్ళం.

సర్వీసులో ఉండగానే ఆయన పోయారు. ఫ్యామిలీ పెన్షను కోసం వాళ్ళావిడ వెళితే సర్వీసు రిజిస్టరులో తొలి ఏళ్ళ పుటలు కనబడటం లేదన్నారు. ఆమె ఎన్నడూ ఆ ఆఫీసు గడప తొక్కిన మనిషి కాదు. నోటుబుక్కు తీసుకొని మా ఇంటికి వచ్చారు. ఇద్దరం కూర్చుని ఉత్తర్వుల జాబితా తయారు చేశాం. నాకు తెలియని ఆఫీసుల సంగతులు కూడా ఆ పుటలే చెప్పాయి, నేను ఊహించవలసింది ఏమీ లేకపోయింది. ఆ నెంబర్లు పట్టుకొని పాత ఫైళ్ళు వెతికితే ఉత్తర్వుల నకళ్ళు దొరికాయి. కాగితం కదిలింది.

ఆ పుస్తకం చివరి పుటల్లో ఆయన తన ఇన్సూరెన్సు పాలసీ నెంబరు, సొసైటీ అప్పు బాకీ, నామినేషను ఎవరి పేర ఉన్నదీ కూడా రాశారు. పైన ఎర్ర సిరాతో భార్య పేరు, ఆ కింద "నీకోసం" అని ఉంది.