చుట్ట: ఆకు బయటిది, పేరు మనది

చుట్ట అనగానే మా తరంవాళ్ళం ముక్కు మూసుకుంటాం. కానీ మన తాతల కాలంలో కూలి పనికి పోయేవాడికి కూడా అందుబాటులో ఉన్న పొగ అది. దాని వెనక చాలా కథే ఉంది.

పొగాకు మన దేశానికి పోర్చుగీసువాళ్ళతో వచ్చింది. ఆకు బయటిదైనా పేరు పెట్టుకున్నది మాత్రం మనవాళ్ళే. నేను బళ్ళో చదివింది కన్నడం కాబట్టి ఒక సంగతి తొందరగా కంటబడింది. మన ‘పొగ’ అక్కడ ‘హొగె’, మన ‘ఆకు’ అక్కడ ‘సొప్పు’. పొగాకు, హొగెసొప్పు రెండూ ఒకే తీరున కట్టిన మాటలు. చుట్టేది కాబట్టి చుట్ట. తమిళంలో కూడా చుట్టడాన్ని బట్టే ‘సురుట్టు’ అన్నారు. అదే ఇంగ్లీషువాళ్ళ నోట్లో ‘చెరూట్’ అయింది. తిరుచ్చి చుట్టలు ఎంత దూరం పోయాయంటే, 1887లో వచ్చిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో అతను బూడిద చూసి అది ట్రిచినోపలి చుట్టదని పోల్చుకుంటాడు.

తెలుగునాట పేరున్నది లంక పొగాకుకి. గోదావరి వరద తీసిపోయాక లంకల్లో మిగిలే ఒండ్రులో పండే ఆకు అది. కాకినాడ రేవు నుంచి ఓడలెక్కి బర్మాకి కూడా పోయేది.

పచ్చి ఆకు ఘాటు గొంతు పట్టేస్తుంది. అందుకే ఎండబెట్టి, కుప్పవేసి, తిరగేస్తూ మాగబెడతారు. కుప్పలో పుట్టే వేడికి పచ్చివాసన పోయి ఘాటు మెత్తబడుతుంది. చుట్టే ముందు ఆకు విరక్కుండా కాస్త తడి చేసి, నడిమి ఈనె తీసేస్తారు. తునకలు లోపల, మంచి ఆకు పైన. బిగిస్తే పొగ రాదు, వదులైతే ఊరికే కాలిపోతుంది. ఆ లెక్క వేళ్ళకే తెలుసు. అచ్చులూ యంత్రాలూ అక్కర్లేదు కాబట్టే చవక.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. శ్రీకాకుళం, విశాఖ వైపు చాలామంది ఆడవాళ్ళు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్ళు. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ వేడికి అంగిలి పాడై క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఎందరో. మన చరిత్ర రాసుకునేటప్పుడు ఆకు రుచి రాసి, ఈ నొప్పిని వదిలేయకూడదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, చుట్ట చుట్టడానికి వాళ్ళు వాడిన మాటలు రాసి పెట్టండి. పొగ మనకొద్దు, ఆ మాటలు మాత్రం పోకూడదు.