జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతంలో మురుగునీటి నిర్వహణ

హైదరాబాద్ పశ్చిమాన గ్రానైట్ గుట్టల మీద వెలసిన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల మురుగునీరు నేల వాలును బట్టి పారుతుంది. పడమటి వాలు నీరు దుర్గం చెరువు వైపు, తూర్పు వాలు నీరు బంజారా హిల్స్ మీదుగా హుస్సేన్‌సాగర్ వైపు, దక్షిణపు వాలు నీరు షేక్‌పేట, టోలిచౌకి వైపు దిగుతాయి. ఎటు పోయినా చివరకు కలిసేది మూసీ నదిలోనే.

కుతుబ్‌షాహీల కాలంలో దుర్గం చెరువు, హుస్సేన్‌సాగర్ మంచినీటి చెరువులు. గోల్కొండ కోటకు దుర్గం చెరువు నీరందించేది. హుస్సేన్‌సాగర్‌ను 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా హయాంలో నిర్మించారు. ఆ తర్వాత మూడు శతాబ్దాలకు పైగా నగరం బావులు, చెరువులు, కాలువల మీదే ఆధారపడింది.

అసలు మలుపు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం పిలుపుపై 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణతో పాటు భూగర్భ డ్రైనేజీకీ ప్రణాళిక రూపొందించారు. వరదను, మురుగును కలిపి ఆలోచించడం ఆ ప్రణాళికలోని దూరదృష్టి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. డ్రైనేజీ పనుల కోసం విశ్వేశ్వరయ్య 1922లో మళ్లీ హైదరాబాద్ వచ్చారు. 1931 నాటి మురుగు వ్యవస్థను 54 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణానికి, 4.68 లక్షల జనాభాకు సరిపోయేలా నిర్మించారు. దాదాపు ఆ కాలం వరకూ హుస్సేన్‌సాగర్ నీరు తాగడానికి పనికొచ్చేది. నేటి జూబ్లీహిల్స్ అప్పటికి రాళ్లగుట్టలే.

1960లలో చల్లగళ్ల నరసింహం చొరవతో ఏర్పడిన సహకార గృహనిర్మాణ సంఘం జూబ్లీహిల్స్‌కు పునాది వేసింది. చిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చే కొద్దీ స్టూడియోలు, ఇళ్లు, వాటి పక్కనే బస్తీలు పెరిగాయి. రాతినేలలో పైపులైను కోసం తవ్వడం కష్టం. సెప్టిక్ ట్యాంకు నీరూ తేలిగ్గా ఇంకదు. మేడ మీది వాన నీటి గొట్టాన్ని ఇంటి డ్రైనేజీకి కలిపితే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. జోరువాన పడితే ఆ నీరు ఏటవాలు పైపుల్లో వేగంగా దిగి, పల్లంలోని మ్యాన్‌హోళ్ల మూతలను పైకెత్తి పొంగుతుంది. గుట్ట మీది ఇంటి మురుగు కింది వీధి జనాన్ని ముంచుతుంది.

1989లో హైదరాబాద్ జలమండలి ఏర్పడింది. మూసీ కాలుష్య నివారణ పథకంలో అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోల్‌లో 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేయగల కేంద్రాలు వెలిశాయి. 2006లో హుస్సేన్‌సాగర్ ప్రక్షాళనకు జపాన్ రుణం లభించింది. అయితే పెద్ద కేంద్రాలు నగరానికి తూర్పున ఉన్నందున, దారిలోని చెరువులను అవి కాపాడలేకపోయాయి. నాలాల్లోకి దిగిన మురుగులోని భాస్వరం, నత్రజని పోషణతో దుర్గం చెరువులో గుర్రపుడెక్క అల్లుకుంది.

2021 నాటికి నగరంలో రోజుకు సుమారు 165 కోట్ల లీటర్ల మురుగు వెలువడుతుంటే, ఉన్న కేంద్రాల శుద్ధి సామర్థ్యం 77.2 కోట్ల లీటర్లు. ఆ ఏడాది ప్రభుత్వం రూ.3,866 కోట్లతో 31 కొత్త కేంద్రాలు మంజూరు చేసింది. వాటిలో రోజుకు 70 లక్షల లీటర్ల దుర్గం చెరువు కేంద్రం 2023లో ప్రారంభమైంది. ఈ కేంద్రాల్లో వాడే ఎస్‌బీఆర్ (సీక్వెన్సింగ్ బ్యాచ్ రియాక్టర్) పద్ధతిలో మురుగు నింపడం, గాలి ఊది సూక్ష్మజీవులతో మలినాలను తినిపించడం, బురద అడుగుకు చేరాక పైనున్న తేట నీటిని వదలడం అన్నీ ఒకే తొట్టిలో వంతులవారీగా జరుగుతాయి. పుట్టిన చోటికి దగ్గరగా, చెరువులో కలవక ముందే మురుగును శుద్ధి చేయడం ఇందులోని ప్రశంసనీయమైన మార్పు.

శుద్ధి నాణ్యతకు ముఖ్యమైన కొలమానం బీఓడీ, అంటే మలినాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్ పరిమాణం. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ మహానగరాలకు లీటరుకు 20 మిల్లీగ్రాముల పరిమితి పెట్టగా, 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 10కి తగ్గించాలని ఆదేశించింది. ఆ ప్రమాణం అందుకున్న నీరు తోటలకు, నిర్మాణాలకు పనికొస్తుంది. అయితే ప్రతి ఇంటి మురుగూ పైపులైనులోకి, వాన నీరు విడిగా వరద కాల్వలోకి చేరినప్పుడే శుద్ధి కేంద్రాలు పూర్తి ఫలితమిస్తాయి.