కీళ్ళవాతం అని చెప్పుకున్న జబ్బు

1963 జూన్ 4న అమెరికన్ సెనేట్ ఉపసంఘం ముందు పురుగుమందుల గురించి సాక్ష్యం చెప్పిన రేచల్ కార్సన్ తలమీద ఉన్నది విగ్గు. రొమ్ము కాన్సర్ అప్పటికే ఎముకలకి పాకింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు కొద్దిమందే. నడక ఎందుకలా ఉందని అడిగినవాళ్ళకి కీళ్ళవాతం అని చెప్పేది. అది పూర్తి అబద్ధమూ కాదు, కీళ్ళనొప్పులు కూడా నిజంగానే ఉండేవి.

1960 వసంతంలో ఆమెకి రొమ్ము తీసేశారు. కాన్సరేనా అని సూటిగా అడిగింది. కాన్సర్‌కి దగ్గరగా ఉన్న స్థితి అని చెప్పి, వేరే వైద్యం అక్కర్లేదన్నాడు సర్జన్. రోగికి, అందులోనూ ఆడరోగికి, ఆ మాట చెప్పకపోవడం అక్కడి డాక్టర్లకి అప్పట్లో మామూలే. పెళ్ళయి ఉంటే భర్తకైనా చెప్పేవాళ్ళేమో! ఆ ఏడాది చివర మరో గడ్డ కనిపించాక, క్లీవ్‌లాండ్‌లో ఉన్న డాక్టర్ జార్జ్ క్రైల్‌కి తనే రాసి నిజం తెలుసుకుంది.

అప్పటికి ‘సైలెంట్ స్ప్రింగ్’ సగంలో ఉంది. ఇక మొదలైంది అసలు పని. రేడియేషన్, కాళ్ళ సిరల్లో వాపు, కొన్నాళ్ళు చక్రాల కుర్చీ. కళ్ళు వాచి చదవలేని రోజుల్లో సహాయకురాలు జీన్ డేవిస్ పైకి చదివి వినిపిస్తే దిద్దుకుంది. ఇంట్లో, చనిపోయిన మేనకోడలి కొడుకు రోజర్. వాణ్ణి దత్తత తీసుకునేనాటికి ఐదేళ్ళు. స్త్రీల ‘రాసే పని’ గురించి మాట్లాడేటప్పుడు ఈ పిల్లాడి స్నానం, బడి, జ్వరం మనం లెక్కలో వేసుకోం. ఆ పుస్తకంలో రసాయనాలకీ కాన్సర్‌కీ ఉన్న సంబంధం మీద ఒక అధ్యాయం ఉంది. దాంట్లో తన ఒంటి గురించి ఒక్క మాట లేదు.

ఎందుకు దాచింది? సిగ్గుపడి అనుకోను. 1962లో పుస్తకం వచ్చీ రాగానే రసాయనాల పరిశ్రమ విరుచుకుపడింది. పెళ్ళికానిదనీ, ఉద్రేకపడే ఆడమనిషనీ ఎద్దేవా చేశారు. ఇక కాన్సర్ రోగి అని తెలిస్తే? సాక్ష్యాలన్నీ పక్కకిపోయి, జబ్బు మనిషి కడుపుమంటగా మిగిలేది. మన దగ్గరా సెలవుచీటీలో ఆ మాట రాయడానికి జంకే ఆడవాళ్ళు తక్కువేం కాదు. ఉద్యోగం మనిషికిస్తారా, ఆరోగ్యానికిస్తారా?

1964 ఏప్రిల్ 14న కార్సన్ చనిపోయింది, 56 ఏళ్ళకి. అమెరికా డి.డి.టి.ని నిషేధించింది 1972లో.

ఆమె దాచినదాన్ని దాచనన్న మనిషి ఆడ్రీ లార్డ్. నల్లజాతి కవయిత్రి, లెస్బియన్, పాఠాలు చెప్పే ఉద్యోగి. 1978లో ఒక రొమ్ము తీసేశాక, ఉన్ని తొడుగు పెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. ఇలా వస్తే మిగతావాళ్ళు డీలాపడతారని నర్సు మందలించింది. రొమ్ము కాన్సర్ సర్జన్ ఆఫీసు అది! కన్ను పోయిన ఇజ్రాయెల్ సేనాని మోషే దయాన్‌ని గాజుకన్ను పెట్టుకోమని ఎవరైనా అడిగారా అని లార్డ్ 1980లో అచ్చయిన ‘ది కాన్సర్ జర్నల్స్’లో నిలదీసింది. 1992లో చనిపోయేదాకా రాస్తూనే ఉంది. ఆ తొడుగు మాత్రం పెట్టుకోలేదు.