దామనపల్లి కనుమ చెప్పు పాఠము

నర్సీపట్నమున ఇద్దరు ఆంగ్లేయాధికారుల సమాధులు కలవు. స్కాట్ కవర్డు, హైటరు అను ఆ యిరువురును 1922 సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళము తుపాకులకు కూలిరి. మన్యపు పితూరీ చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన ఆ ఘట్టమును సాహసగాథగా చదువుటతో తృప్తిపడక, మానవుని మెదడు ఎట్లు ఊహించునో, ఊహ తప్పినప్పుడు ఎట్లు నేర్చుకొనునో తెలుపు దృష్టాంతముగా గూడ చదువవలెనని నా మనవి.

అడవిపై హక్కులు కోల్పోయి, నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి సాగిన బాటపనిలో గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను దౌర్జన్యమునకు లోనై క్రుంగిన గిరిజనులకు సీతారామరాజు నాయకుడైనాడు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు వరుసగా అతని వశమయ్యెను. 26 తుపాకులును, రెండువేల అయిదువందలకు పైగా తూటాలును దళమునకు దక్కెను. ప్రభుత్వము వెంటనే ప్రత్యేక బలగములను కొండలపైకి పంపెను.

దామనపల్లి కనుమలో దారి యిరుకు. ఒకరి వెనుక ఒకరుగా నడువవలసినదే. ముందు దేశీయ సిపాయిలు, వారి వెనుక దొరలు నడచుచుండగా, పైని చెట్లచాటున పొంచియున్న దళము ముందువారిపై ఒక్క తూటాయైనను పేల్చక పోనిచ్చినది. పదిమంది సుఖముగా దాటిన త్రోవను పదునొకండవవాడు నిర్భయముగా త్రొక్కుట మానవస్వభావము. వరుసగా జరిగిన సంగతులనుబట్టి జరుగబోవు సంగతిని నిశ్చయించుకొనుట మెదడునకు నిత్యకృత్యము. ఆ స్వభావము నెరిగి వేసిన పథకమునకే దొరలిద్దరును బలియైరి.

ఊహకును వాస్తవమునకును గల అంతరమే మెదడునకు గురువని షుల్ట్జ్ మొదలగు శాస్త్రజ్ఞులు 1990ల దశకమున వానరములపై జరిపిన ప్రయోగములచే చూపిరి: అలవాటు చొప్పున రావలసిన పండ్లరసము రాకున్నచో, సరిగా అది రావలసిన క్షణముననే కొన్ని నాడీకణముల స్పందన తగ్గిపోవును. ప్రభుత్వమును అట్టి శిష్యరికమునే చేసినది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాలపై బడిన దళమునకు ఆగస్టునాటివలె తుపాకులు చిక్కలేదు. మలబారు ప్రత్యేక పోలీసులు దిగిన పిమ్మట, డిసెంబరు 6న పెద్దగడ్డవద్ద దళమునకు తొలి పెద్దదెబ్బ తగిలెను. ఈసారి నేర్చుకొనవలసినవాడు రాజు. అతడు అంతటితో ఎదురుపోరు మాని, మాసములతరబడి కంటబడక, 1923 ఏప్రిలు 17న ఎవ్వరు నెదురుచూడని అన్నవరమున ప్రత్యక్షమయ్యెను. తుదకు అస్సాము రైఫిల్సును గూడ దింపిన సర్కారు 1924 మే 7న అతనిని పట్టి, కొయ్యూరున కాల్చి చంపినది.

ఆ పోరాటమున ప్రతి విజయమును ఎదిరి పూర్వపు టంచనాను ఛేదించినదే. ప్రతి యోటమియు తన పూర్వవిజయమును నమ్మి కూర్చున్నందున కలిగినదే. సీతారామరాజు ధైర్యమును మన బాలురకు చిన్ననాటనే చెప్పుచున్నాము. అతని బుద్ధిసూక్ష్మతను గూడ చెప్పుడు. నర్సీపట్నము పాఠశాలల ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఒక్కసారియైన ఆ కనుమకు తోడ్కొనిపోయి, ముందువారిని పోనిచ్చుటలోని మర్మమును అక్కడనే నిలబెట్టి బోధింతురుగాక.