కంకరగోతిలో దొరికిన చరిత్ర

మా ఊరికి పడమట ఉండిన ఎర్రదిబ్బ ఇప్పుడు లేదు. దాని చోట తాటిచెట్టంత లోతున ఒక గొయ్యి ఉన్నది. దిబ్బ ఏ రోడ్ల కింద పరుచుకుని ఉన్నదో నాకు తెలియదు. పోయిన వేసవిలో ఆ గోతి గట్టున నిలబడి, వరుసగా ఎక్కివస్తున్న టిప్పర్లను చూస్తుంటే పల్లావరం జ్ఞాపకం వచ్చింది.

1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లావరంలో, పటాలపు మైదానం పక్కనున్న ఒక చిన్న గ్రావెల్ గొయ్యి వద్ద, తవ్వి బయట పారబోసిన రద్దులోంచి రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఒక రాయి ఏరుకున్నాడు. ఆయన భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖలో ఉద్యోగి. ఆ రాయి ప్రకృతి చెక్కినది కాదు, మనిషి చెక్కినది. ఈ దేశంలో పాత రాతియుగపు మనిషి ఉన్నాడని చెప్పిన మొదటి సాక్ష్యం అదే. ఆ సెప్టెంబరులోనే సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరిన్ని పనిముట్లు కనుగొన్నాడు. అక్కడి అట్టడుగు పొరల వయస్సు సుమారు 15 లక్షల సంవత్సరాలని శాంతి పప్పు బృందం 2011లో ప్రకటించింది.

ఫుట్ కన్ను ఆ రద్దు మీద ఊరికే పడలేదు. ఫ్రాన్సులో సొమ్ నది లోయలోని కంకరగోతులలో, అంతరించిన జంతువుల ఎముకలతోపాటు రాతి గొడ్డళ్ళు దొరుకుతున్నాయని బూషే ద పెర్త్ ఏళ్ళ తరబడి మొత్తుకున్నా పండితులు నమ్మలేదు. 1859 ఏప్రిల్‌లో ప్రెస్ట్‌విచ్, జాన్ ఎవాన్స్ స్వయంగా వెళ్ళి, గోతి గోడలో ఇంకా ఇరుక్కుని ఉన్న గొడ్డలికి ఫొటో తీయించిన తరువాతగాని వాదం తేలలేదు. ఫుట్ ఆ రచనలు చదివినవాడు. (ఆ గోతుల కూలీలు బహుమతికి ఆశపడి దొంగ గొడ్డళ్ళు కూడా చెక్కి అమ్మారు. ఆ గొడవ బయటపడింది కూడా 1863లోనే!)

ఇంతకీ గొడ్డళ్ళు కంకరలోనే ఎందుకు? ఆదిమానవుడికి నీరు కావాలి, చెక్కుకోవడానికి గట్టి గులకరాయి కావాలి. రెండూ ఏటి ఒడ్డున ఉంటాయి. అతడు అక్కడే చెక్కాడు, అక్కడే వదిలిపోయాడు. ఏరు వాటిని తన గులకరాళ్ళలో కలుపుకున్నది. అంటే గుత్తేదారుకు ఏ పొర కావాలో చరిత్రకారుడికీ ఆ పొరే కావాలి. ఫుట్ కడప, కర్నూలు సీమలలో కూడా ఇటువంటివి సేకరించాడు. కర్నూలు ప్రాంతంలో భవనాసి వాగు కంకర పొరలలోని పనిముట్లను కామియాడ్, బర్కిట్ అనే ఇద్దరు 1930లో వివరంగా పరిచయం చేశారు.

పల్లావరంలో తవ్వినది పారతో. పార నెమ్మది, రద్దు కళ్ళ ఎదుట పడి ఉంటుంది. ప్రొక్లైన్ తొట్టికి ఆ ఓపిక లేదు.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. 1957 నాటి గనుల చట్టంలో గ్రావెల్ ‘చిన్నతరహా ఖనిజం’. దాని పెత్తనం రాష్ట్రాలది. 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం 5 హెక్టార్లలోపు గోతులకు పర్యావరణ అనుమతే అక్కరలేదు. పెద్ద కొండను చిన్న ముక్కలుగా కోసుకుంటే ఎవరు అడుగుతారు? 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసింది. 2020 మార్చిలో రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు తీసే మామూలు మట్టికి మళ్ళీ మినహాయింపు వచ్చింది. 2024 మార్చిలో కోర్టు దానినీ కొట్టివేసింది. ఈ రాకపోకల నడుమ ఎన్ని దిబ్బలు పోయాయో!

ఇక రాతి గొడ్డళ్ళ మాట. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు తవ్వకూడదు, ఆపైన మరో 200 మీటర్లదాకా ఆంక్షలున్నాయి. కాని ఎవరూ గుర్తించని పొరను ఎవరు రక్షిస్తారు? 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. చెక్కిన గులకరాయికి ధర కట్టేదెవరు?

మా ఊరి గోతిలో మేనేజరు మర్యాదస్థుడు. పైమట్టిని విడిగా కుప్ప పోయించాడు. దారిపొడుగునా ట్యాంకరుతో నీళ్ళు చల్లిస్తున్నాడు, టిప్పర్లకు పట్టాలు కప్పిస్తున్నాడు, గట్టున కానుగ మొక్కలు నాటించాడు. రోజుకు ఎన్ని ట్యాంకర్లు చల్లారో పుస్తకంలో రాసి ఉంది, తెరిచి చూపించాడు. ఇవేవీ చిన్న పనులు కావు. ఒకనాడు ఈ దుమ్ముకే మా వాళ్ళు రోడ్డెక్కారు.

“గులకరాళ్ళలో చెక్కినట్టు, అంచు తేరినవి ఎప్పుడైనా కనబడ్డాయా?” అని అడిగాను.

“పెద్ద రాళ్ళు జల్లెడలో ఆగిపోతాయండీ” అన్నాడాయన. “అవి పక్కన పోయించి, సాయంత్రం క్రషర్‌కి పంపేస్తాం.”

అప్పటికి మధ్యాహ్నం మూడయింది. ఆయన అనుమతి అడిగి ఆ కుప్ప దగ్గరికి వెళ్ళాను.